పాత యాంప్లిఫయర్లో పిఠాపురం గొంతు

సినీ గాయకుడు పిఠాపురం నాగేశ్వరరావు పాటలకు పాత యాంప్లిఫయరే సరైన జోడీ అని, అందులో గొంతు నిండుగా పలుకుతుందని పాత సెట్లు దాచుకున్నవాళ్లు అంటారు. ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. అయితే ఆ నిండుదనం ఎక్కడిదో తేలకముందే దాన్ని పాతకాలపు గొప్పతనంగా లెక్కకట్టడం తొందరపాటు.

1970ల స్టీరియో యాంప్లిఫయర్లు చాలావాటిలో హెడ్‌ఫోన్‌కు విడి సర్క్యూట్ ఉండదు. స్పీకర్‌కు వెళ్లే సిగ్నల్‌నే కొన్ని వందల ఓమ్‌ల రెసిస్టర్ గుండా జాక్‌కు ఇచ్చేవారు. ఇప్పటి మంచి హెడ్‌ఫోన్ యాంప్‌లలో అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తరచూ ఒకటి రెండు ఓమ్‌లే. 300 ఓమ్‌ల డైనమిక్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ 100 హెర్ట్జ్ దగ్గర 500కు పెరిగిందనుకుందాం. మధ్యలో 330 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటే, మిగతా శబ్దంతో పోల్చితే అక్కడ సుమారు 2 డెసిబెల్స్ హెచ్చు వస్తుంది. 1 ఓమ్ యాంప్‌తో ఆ హెచ్చు 0.01 డెసిబెల్ మాత్రమే. మగగొంతులోని కింది స్వరాలు, వాద్యాల మంద్రం ఉండేది ఆ చుట్టుపక్కలే. నిండుదనానికి మొదట అనుమానించాల్సింది ఈ రెసిస్టర్‌నే అని నా అభిప్రాయం.

దీన్ని పరీక్షించడం తేలిక. కొత్త యాంప్‌కు రెండు చానెళ్లలోనూ అదే విలువగల రెసిస్టర్ కలిపి వినాలి. పాత యాంప్‌ను, ఇంపెడెన్స్ దాదాపు సమంగా ఉండే ప్లానార్ హెడ్‌ఫోన్‌తోనూ వినాలి. అందులో నిండుదనం మాయమైతే అనుమానం బలపడుతుంది. ముందుగా 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో పాత, కొత్త యాంప్‌ల ధ్వని స్థాయి సరిచూసుకోవాలి. కాస్త గట్టిగా మోగేదే మేలనిపించడం చెవి నైజం. 1987లో అమెరికా పత్రిక స్టీరియో రివ్యూ స్థాయి సరిచేసి, పేర్లు చెప్పకుండా యాంప్‌లు వినిపిస్తే శ్రోతలు వాటిని నమ్మకంగా గుర్తుపట్టలేకపోయారు. అది స్పీకర్లతో చేసిన పరీక్ష. హెడ్‌ఫోన్ జాక్‌కు యథాతథంగా వర్తించదు.

పాత యంత్రం ఆరోగ్యమూ చూడాలి. ‘కులగోత్రాలు’ (1962) సినిమాలో పిఠాపురం, మాధవపెద్ది సత్యంతో పాడిన పేకాట పాట మోనో. హెడ్‌ఫోన్లో ఇద్దరి గొంతులూ తల నడిమధ్యే నిలవాలి. వాల్యూమ్ బాగా తగ్గించగానే పాట ఒక చెవివైపు ఒరిగిందంటే నాబ్ వెనక ఉన్న రెండు ట్రాకులు సమంగా లేవన్నమాట. తిప్పుతుంటే గరగరమంటే కాంటాక్టులు చెడినట్టే. సముద్రం దగ్గరున్న ఊళ్లలో ఉప్పుగాలికి ఆ బెడద ఎక్కువ. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోతే హమ్ పెరుగుతుంది.

ఇవన్నీ సరిచేశాక, ఏది మోగుతోందో తెలియకుండా విన్నప్పుడూ పాతదాన్నే మళ్లీ మళ్లీ గుర్తుపడితే, అప్పుడు హార్మోనిక్ డిస్టార్షన్ కొలవడం మొదలుపెట్టాలి.