మొజంజాహీ గడియారం కింద తారీఖ్ పాఠం

పోయిన ఆదివారం మా అమ్మాయి తారీఖ్ పుస్తకం ముందేసుకుని అడిగింది. "అబ్బా, చైనాలో తాంగ్ బాద్‌షాల జమానాలో, 868లోనే, చెక్క దిమ్మెలతో కితాబు అచ్చేశారట. మన దగ్గర అలాంటిదేమీ జరగలేదా?"

తనను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లాను. సీతాఫలం ఐస్‌క్రీం చేతికిచ్చి, గడియారం బురుజు కింద నిలబడి చెప్పడం మొదలుపెట్టాను.

ఈ రాతి కట్టడం 1935 నాటిది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రెండో షహజాదా మువజ్జమ్ జా పేరు పెట్టారు. జనం నోట్లో పడి మొజంజాహీ అయింది.

దీని వెనక పెద్ద ముసీబత్ ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని మింగేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను హుకూమత్ పిలిపించింది. వరదను షహర్ చేరకముందే పైన ఆపాలన్నది ఆయన మష్వరా. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపిన కట్టలే షహర్‌కు తాగునీళ్లూ ఇచ్చాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు గల్లీలు తీసేసి వెడల్పు సడకులు వేసింది. ఈ మార్కెట్ కూడా ఆ సిల్సిలాలోదే.

ఇల్మ్ సంగతి కూడా అంతే. 1917లో దారుల్ తర్జుమా పెట్టి, సైన్సు, హిసాబ్, తారీఖ్ కితాబులు వందల సంఖ్యలో ఉర్దూలోకి తెచ్చారు. 1918లో మొదలైన ఉస్మానియాలో డాక్టరీ కూడా ఉర్దూలోనే నేర్పారు. పరాయి జబాన్ రాకపోయినా పెద్ద చదువు చదవొచ్చని చూపించారు.

ఇక్కడిదాకా చెప్పి ఫఖర్‌గా ఊరుకోవచ్చు. కానీ సచ్ పూర్తిగా చెప్పాలి కదా! ఆ రియాసత్‌లో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. ఉర్దూకు దక్కిన ఆ ఇజ్జత్ తెలుగుకు దక్కలేదు. మొజంజాహీకి దగ్గర్లోనే, సుల్తాన్ బజార్‌లో, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. 1901లో తెలుగు అభిమానులు తామే పూనుకుని పెట్టుకున్నారు. ఆ జమానా తారీఖ్ రాస్తే రెండు ఇమారత్‌లూ అందులో ఉండాలి.

మనలాంటి ఖాన్‌దాన్‌లకు ఈ సంగతి ఇంకా దగ్గరిది. మన ఇళ్లలో రెండు జబాన్లూ ఉన్నాయి. మా దాదా వదిలిన సందూక్ నిండా ఉర్దూ కితాబులే. నేను తడుముకుంటూ చదువుతాను. మా అమ్మాయికి ఆ హర్ఫులే తెలియవు. ఇంగ్లీషు స్కూల్లో పడ్డాక తెలుగు చదవడం కూడా తగ్గిపోయింది. ఒకప్పుడు ఒక జబాన్ గేటు బయట ఉండిపోయింది. ఇప్పుడు రెండూ బయటే ఉన్నాయి. ఈసారి గేటు వేసింది ఏ నిజామూ కాదు, మనమే.

ఐస్‌క్రీం అయిపోయాక అడిగింది. "అబ్బా, దాదా కితాబుల్లో ఏముంది?"

ఇంటికెళ్లి సందూక్ తెరిచాం. ఇప్పుడు రోజూ మగ్రిబ్ తర్వాత అరగంట కూర్చుంటున్నాం. ఒకరోజు అలిఫ్, బే. ఒకరోజు అ, ఆ. మీ ఇంట్లో కూడా అలాంటి సందూక్ ఉంటే పిల్లల ముందు ఒకసారి తెరవండి.