పప్పు ఉడికితే మంచినీళ్ళేనా?

పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన నాలుగో రోజు నా చేత వంట మొదలుపెట్టించారు. కందిపప్పు పొయ్యి మీద పెట్టాను. గంట మంటేశాను, గంటన్నర వేశాను. గుత్తితో మెదిపితే బేడలు పక్కకు జారుకుంటున్నాయే తప్ప మెదగడం లేదు. మా అత్తమ్మ తొంగిచూసి, "ఉప్పు ముందే వేశావా ఏందమ్మా?" అంది. వేశాను మరి. ఆ మధ్యాహ్నం అందరూ పచ్చిపులుసుతోనే తిన్నారు. సాయంత్రానికల్లా కంభం పిల్లకు పప్పు ఉడకేయడం రాదంట అని వీధి చివరి దాకా తెలిసిపోయింది.

మా పుట్టింట్లో కంభం చెరువు కింది బావి నీళ్ళు. విజయనగర రాజుల కాలం నాటి చెరువు, గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య కట్టింది. ఆ నీళ్ళలో పప్పు అరగంటలో వెన్నలా అయ్యేది, మా అవ్వ ఉప్పు ముందే వేసేది కూడా. అత్తిల్లు మార్కాపురం నుంచి పొదిలి పోయే దోవలో ఒక పల్లె. అక్కడ పప్పు ఉడకనందుకు పదేళ్ళు నన్ను నేనే తిట్టుకున్నాను. తప్పు నాది కాదని తెలియడానికి అన్నేళ్ళు పట్టింది. తెలిశాక బయటపడిన విషయం పప్పు కంటే చాలా పెద్దది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. ఉప్పు ముందు వేస్తే పప్పు ఉడకదన్నది అబద్ధం. గింజలు నానబెట్టే నీళ్ళలో కాస్త ఉప్పు వేస్తే ఇంకా మెత్తగా ఉడుకుతాయి. చింతపండు ముందు వేస్తే ఉడకదన్నది మాత్రం నిజం, పులుపు తగిలితే గింజ గట్టిపడుతుంది. వంట సోడా చిటికెడు వేస్తే ఉడుకుతుందన్నదీ నిజమే, కాకపోతే పప్పులోని బి1 విటమిన్ కొంత పోతుంది. పాత పప్పు మొండికేస్తుందన్నది నిజం. పసుపు వేస్తే త్వరగా ఉడుకుతుందన్నది ఉత్తమాట. అసలు దోషి నీళ్ళు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో అవి గింజలోని జిగురు పదార్థానికి అతుక్కుని దాన్ని బిగించేస్తాయి. నువ్వు ఎంత మంటేసినా అంతే.

మా అత్తమ్మకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. మరుసటి రోజు నుంచి నన్ను ఊరి చివర బోరుకు పంపింది. ఆ బోరుకు ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు పప్పునీళ్ళ బోరు. ఇంటి పక్క చేతిపంపు నీళ్ళు గిన్నెలు కడగడానికి, ఆ చివర బోరు నీళ్ళు తాగడానికీ వంటకూ. పప్పు ఉడికితే మంచినీళ్ళు, ఉడకకపోతే ఉప్పునీళ్ళు. మన పశ్చిమ ప్రకాశంలో ఏ పల్లెలో అడిగినా ఈ మాటే చెబుతారు. మీ ఇళ్ళలోనూ అనే ఉంటారు.

ఇప్పుడు కాస్త వెనక్కి పోవాలి.

బోర్లు రాకముందు మన పల్లెల్లో వంటింటికి నీళ్ళు చెరువు నుంచో, దిగుడుబావి నుంచో వచ్చేవి. బురదగా ఉంటే చిల్లగింజను కుండ లోపల అరగదీసేవారు. నల్లమల అడవుల్లో దొరికే ఈ గింజనే సంస్కృతంలో కతకం అంటారు. బి.ఏ.లో చదువుకున్నప్పుడు ఇదేదో కవుల కల్పన అనుకున్నాను. కాదు, ఆ గింజలోని పదార్థం మట్టి రేణువుల్ని గుత్తులుగా చేర్చి నిజంగానే అడుక్కి దింపుతుంది. నీళ్ళు కాచి తాగమన్నదీ అప్పటి మాటే. కలరా రోజులవి. దిగుడుబావుల్లో నారికురుపు ఉండేది. కాలి నుంచి తెల్లటి దారంలా పురుగు బయటికొచ్చేది, దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగేవారు. నీళ్ళు గుడ్డలో వడగట్టి తాగండి, కాచి తాగండి అన్న సలహా ఆ రోగాలకు అక్షరాలా సరైనది. మన దేశంలో నారికురుపు చివరి కేసు 1996 జూలైలో వచ్చింది, 2000లో దేశానికి అది లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఆ గెలుపులో గుడ్డ పట్టుకుని వడగట్టిన ఆడవాళ్ళ వాటా ఎంతో ఎవరూ లెక్కకట్టలేదనుకోండి.

దిగుడుబావుల బదులుగా వచ్చినవే బోర్లు. 1970ల చివర్లో ఇండియా మార్క్-2 చేతిపంపు తయారై దేశమంతా పాకింది. నీళ్ళు తేటగా, చల్లగా వచ్చేవి. పురుగూ లేదు, బురదా లేదు. చెరువు నీళ్ళు చూసిన కళ్ళకు అవి అమృతంలాగే ఉండి ఉంటాయి. కాకపోతే వంటింటి పరీక్షలన్నీ చెరువు నీళ్ళ కోసం పుట్టినవి. రంగు చూడటం, వాసన చూడటం, నాలుకతో రుచి చూడటం, పప్పు ఉడికించి చూడటం. బండరాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలవున్న నీళ్ళలో రంగూ రుచీ వాసనా లేనిది ఒకటి కరిగి ఉంటుంది. దాని పేరు ఫ్లోరైడు.

ఆ సంగతి ప్రభుత్వాలకు కొత్తగా తెలిసిందేమీ కాదు. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరు జిల్లావి. మన మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అన్నీ ఒకచోట చేరాయి, 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. దానికి చాలా ముందే, 1937లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ అనే డాక్టరు, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి కలిసి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. మెడ తిరగని, నడుం వంగని మనుషులకు ఆ గతి పట్టింది తాగే నీళ్ళ వల్లేనని మన దేశంలో మొదట తేలింది ఈ నేల మీదే. అంటే మా అత్తమ్మ పుట్టక ముందే ఇది కాగితం మీద ఉంది. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది, వంటింటి దాకా రాలేదు.

వంటింట్లో ఏం జరిగిందంటే, పాత సలహానే కొత్త నీళ్ళకూ వాడాం. నీళ్ళు కాస్తే మంచివవుతాయి! మా ఇంట్లో కూడా తపేలా అడుగున తెల్లగా సున్నంలా పేరుకునేది. చూశావా, చెడంతా దిగిపోయింది అనేవారు. దిగిపోయింది సున్నమే, కాల్షియం. అది మనకు చేసే హాని పెద్దగా ఏమీ లేదు, పప్పును సతాయించడం తప్ప. ఫ్లోరైడు దాదాపు అంతా పైన నీళ్ళలోనే ఉండిపోతుంది. పైగా రెండు లీటర్లు కాచి ఒక లీటరు చేస్తే, అంతే ఫ్లోరైడు సగం నీళ్ళలో మిగులుతుంది. అంటే ఘాటు రెట్టింపు. పసిబిడ్డకని మరీ మరిగించి పెట్టిన తల్లుల్ని తలుచుకుంటే నాకు గుండె పిసికినట్టుంటుంది. రాగి చెంబుదీ ఇదే కథ. రాత్రంతా ఉంచితే కొన్ని సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. ఫ్లోరైడుకు ఏమీ కాదు. ఒట్టి పటిక తిప్పితే బురద దిగుతుంది, అంతే. 1970ల్లో నాగపూర్‌లోని నీరీ సంస్థవాళ్ళు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు లెక్క ప్రకారం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతి ఒకటి కనిపెట్టారు, నల్గొండ పద్ధతి అంటారు. ఆ లెక్క నీళ్ళను పరీక్షించి వేయాలి, చేతికొలతతో కుదరదు.

ఇక గారపళ్ళు. ఈ ప్రాంతంలో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు గీతలు కనిపిస్తే తల్లి సరిగా తోమించలేదన్నారు. ఆ మరకలు తోమడంతో వచ్చేవీ పోయేవీ కావు. పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళలోపు, తాగిన నీళ్ళ గుర్తు అది. పెళ్ళిచూపుల్లో నోరు మూసుకుని నవ్వడం నేర్పించుకున్న ఆడపిల్లలు మా వీధిలోనే ముగ్గురు.

కొన్నేళ్ళ కిందట, మా అత్తమ్మ మెడ పక్కకు తిప్పలేకపోతోందని ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు, డాక్టరు ఏ నీళ్ళు తాగుతారని అడిగారు. అప్పుడు రెండు సీసాలు పట్టుకుని పరీక్షకు ఇచ్చాం. ఒకటి ఇంటి పక్క చేతిపంపువి, పప్పు ఉడకనివి. రెండోది పప్పునీళ్ళ బోరువి. ఫలితం చూసి కాగితాలు తారుమారయ్యాయేమో అని మళ్ళీ అడిగాను. ఉడకని నీళ్ళలో ఫ్లోరైడు హద్దు లోపలే ఉంది. ఉడికే నీళ్ళలో హద్దుకు రెట్టింపు దాటింది. హద్దు అంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అది కూడా వేరే నీళ్ళు దొరకని చోట. దొరికితే 1 మిల్లీగ్రామే.

తర్వాత తెలిసింది, ఇందులో వింతేమీ లేదని. కాల్షియం ఎక్కువున్న నీళ్ళలో ఫ్లోరైడు పెద్దగా కరిగి ఉండలేదు, కాల్షియంతో కలిసి గట్టిపడిపోతుంది. కాల్షియం తక్కువున్న నీళ్ళలో దాన్ని ఆపేవాళ్ళు ఉండరు. ఆ తక్కువ కాల్షియం వల్లే పప్పు మెత్తగా ఉడుకుతుంది. అన్ని బోర్లూ ఇలాగే ఉంటాయని కాదు. ఉడకకుండానూ ఫ్లోరైడుతోనూ ఉండేవీ ఉంటాయి. పప్పుకు ఈ సంగతి తెలియదు, అంతవరకే నేను చెప్పేది.

ఇప్పుడు అందరిళ్ళల్లోనూ ఇరవై లీటర్ల క్యాను వచ్చింది. తాగడానికి క్యాను నీళ్ళు, వంటకు బోరు నీళ్ళు. మా తోడికోడలు అదే చేస్తుంది. వండితే పోతుందిలే అక్కా అంటుంది. ఎక్కడికి పోతుంది? గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులు పోసి కుక్కర్ పెడితే ఆ నీళ్ళన్నీ అన్నంలోనే ఉంటాయి. వెనకటి రోజుల్లో గంజి వార్చేవారు కాబట్టి కొంతైనా బయటికి పోయేది. పప్పు, పులుసు, చారు, అన్నిటిలోనూ మనం తినేది నీళ్ళే కదా. పైగా టీ. తేయాకులో సహజంగానే ఫ్లోరైడు ఉంటుంది, ఫ్లోరైడు నీళ్ళతో మరగబెట్టిన డికాషన్ రోజుకు నాలుగుసార్లు తాగితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మన వంటింటి మాటల్లో ఒకటి మాత్రం పరీక్షకు నిలబడింది. చింతపండు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు, అంటే ఉసిరికాయంత, 18 రోజులు పెట్టి చూశారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడు పెరిగింది. 2002లో ఆ వివరాలు అచ్చయ్యాయి. చింతపండు నీళ్ళలోని ఫ్లోరైడును తీసేయదు, ఒంట్లోంచి కొంత పోవడానికి సాయపడుతుంది. కీళ్ళ నొప్పులున్నవాళ్ళు పులుపు మానాలని మా ఊళ్ళో అందరూ అంటారు. ఆ మాట విని మా అత్తమ్మ ఏడేళ్ళు పులుసు ముట్టలేదు.

ఫలితం కాగితం ఇంటికి తెచ్చిన రోజు ఆమెకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఇంటిల్లిపాదికీ మంచి నీళ్ళు తాగించాలని ముప్పై ఏళ్ళు ఎండలో రెండు బిందెలు మోసిన మనిషి. ఆ బోరు నీళ్ళేనని చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ పక్క పంపు నీళ్ళు తాగి ఉంటే సరిపోయేదా?" అని అడిగింది. అవునన్నాను. "నిన్ను ఊరికే అన్నాను గదమ్మా ఆ రోజు" అంది.

ఇప్పుడు మాకు రోజుకు రెండు క్యాన్లు, ఒకటి వంటకే. ఖర్చే, తప్పదు. పప్పు బాగానే ఉడుకుతుంది. ఈ నీళ్ళకు రుచి లేదని అత్తమ్మ గొణుగుతుంది. పులుసులోకి చింతపండు తానే నానబెడుతుంది, ఉసిరికాయంత కాదు, నిమ్మకాయంత.