‘మేజర్ ఇంకా తేలలేదు’: ఒక మాటకు వ్యాఖ్యానం

“మా అమ్మాయికి నాలుగు పేరున్న యూనివర్సిటీల్లో సీటొచ్చింది. మేజర్ ఇంకా తేలలేదు. మే 1 లోపల చెప్పేయాలి.”

ఏప్రిల్ వచ్చిందంటే ఫ్రీమాంట్, ఫ్రిస్కో, ఎడిసన్‌లలోని తెలుగిళ్ళలో ఈ మాట వినిపిస్తుంది. ఈ మధ్య హైదరాబాదులోనూ వినిపిస్తోంది. ఆ నాలుగూ ఎంఐటీ, బ్రౌన్, కొలంబియా, బర్కిలీ అనుకుందాం. అన్నవాళ్ళు ఒక్క గుక్కలో అనేస్తారు గానీ, అందులోని ఒక్కో ముక్కనూ విడదీసి చూడకపోతే ఆ అమ్మాయికి న్యాయం జరగదు.

‘పేరున్న’: దీని మీద ఎక్కువ సేపు ఆగక్కర్లేదు. నాలుగింటికీ పేరుంది. ర్యాంకుల పట్టికలో ఐదారు స్థానాల తేడా పద్దెనిమిదేళ్ళ పిల్ల చదువును మార్చదు. ఆ పట్టిక మూసి పక్కన పెట్టండి.

‘సీటొచ్చింది’: అసలు విషయమంతా ఇక్కడే ఉంది. జోసాలో గానీ, ఎప్‌సెట్ కౌన్సెలింగులో గానీ ఆప్షన్ పెట్టడమంటే కాలేజీ, బ్రాంచీ కలిపి పెట్టడమే. ఆ దారిలో వచ్చిన తల్లిదండ్రులు అమెరికా సీటునూ అలాగే చూస్తారు. లేదంటే, అక్కడ ఎప్పుడైనా ఏదైనా మార్చుకోవచ్చట అని విని నిశ్చింతగా ఉండిపోతారు. రెండూ సగం నిజాలే. సీటు దేనికి వచ్చింది? మొత్తం యూనివర్సిటీకా, అందులో ఒక కాలేజీకా, నేరుగా ఒక మేజర్‌కా? మేజర్ తేలని పిల్ల విషయంలో నేను మొట్టమొదట అడిగేది ఇదే.

ఎంఐటీ మొదటి రకం. మొదటి ఏడాది అక్కడ ఎవరికీ మేజర్ ఉండదు. ఏడాది చివర్లో నచ్చింది ఎంచుకోవచ్చు. కంప్యూటర్ సైన్స్ కావాలన్నా ఇన్ని సీట్లేనన్న మాట ఉండదు. పైగా మొదటి సెమిస్టర్‌లో ఫెయిలైన కోర్సు బయటివాళ్ళు చూసే మార్కుల జాబితాలోకే ఎక్కదు. తెలియని సబ్జెక్టులో చెయ్యి పెట్టి చూసే పిల్లకు ఇంతకంటే ధైర్యం ఏం కావాలి? ఈ నాలుగింటిలో లేకపోయినా, రెండో రకానికి ఉదాహరణగా కార్నెగీ మెలన్‌ను చూడండి. అక్కడ స్కూల్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్‌లో సీటు వేరు, అదే క్యాంపస్‌లో మరో కాలేజీలో సీటు వేరు. లోపలే ఉండి మారాలన్నా మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, మార్కులుండాలి, ఖాళీ ఉండాలి.

బర్కిలీ సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీలో చేరినవాళ్ళు ఒకప్పుడు మూడు పునాది కోర్సుల్లో సగటు 3.3 తెచ్చుకుంటే కంప్యూటర్ సైన్స్ తీసుకోగలిగేవారు. 2023లో చేరిన బ్యాచ్ నుంచి పద్ధతి మారింది. దరఖాస్తులోనే ఆ మేజర్ అడిగి, అందులోనే సీటు తెచ్చుకోవాలి. వేరే మేజర్‌లో చేరి తర్వాత అటు మారాలంటే కొద్దిపాటి సీట్లకు పోటీ పడాలి. పాత బ్యాచ్‌లో చదివిన అన్నయ్యో, పక్కింటి అక్కో “ముందు చేరిపో, తర్వాత మారొచ్చు” అంటే, వాళ్ళ కాలానికి అది నిజమే. ఈ పిల్లకు మాత్రం వర్తించదు.

‘మేజర్’: మెడిసిన్‌కో, లాకో పోవాలనుకునే పిల్లకు దీని బరువు మనం అనుకున్నంత ఉండదు. మెడికల్ స్కూళ్ళు చూసేది బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటి నిర్ణీత కోర్సులు చదివారా లేదా అన్నది. మేజర్ చరిత్రయినా అభ్యంతరం లేదు. హైదరాబాదు నుంచి ఎఫ్-1 వీసా మీద వెళ్ళే పిల్లకు మాత్రం బరువు ఎక్కువ. డిగ్రీ అయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పని చేయవచ్చు. మేజర్ స్టెమ్ జాబితాలో ఉంటేనే మరో 24 నెలలు కలుస్తాయి. ఎకనామిక్స్ ఒక యూనివర్సిటీలో స్టెమ్ కోడ్ కింద ఉండవచ్చు, ఇంకోచోట ఉండకపోవచ్చు. చేరకముందే ఆ కోడ్ ఏదో అడిగి తెలుసుకోవాలి.

‘ఇంకా తేలలేదు’: ఇది తప్పేమీ కాదు, బద్ధకమూ కాదు. బంధువుల ముందు ఆ పిల్లను చిన్నబుచ్చకండి. అయితే తేలకపోవడంలో రెండు తీరులున్నాయి. కంప్యూటర్ సైన్సా, బయాలజీనా అని రెండింటి మధ్య ఊగడం ఒకటి, ఏదీ ఇంకా తగలకపోవడం ఇంకొకటి.

మొదటి తీరు పిల్లకు బ్రౌన్ బాగా నప్పుతుంది. 1969 నుంచి అక్కడ ఓపెన్ కరిక్యులమ్ నడుస్తోంది. అందరూ చదవాల్సిన సబ్జెక్టుల జాబితా అంటూ లేదు, రాయడంలో మాత్రం పట్టు చూపాలి. సెమిస్టర్‌కు మామూలుగా నాలుగు కోర్సులు. ప్రోగ్రామింగ్, కెమిస్ట్రీ, లెక్కలు, తనకు ఇష్టమైన ఇంకొకటి: నాలుగూ తన ఎంపికే. రెండు దారులూ ఒకేసారి నడిచి చూడవచ్చు. కొలంబియా కాలేజీ దీనికి సరిగ్గా ఎదురు. 1919లో కాంటెంపరరీ సివిలైజేషన్ కోర్సుతో మొదలైన కోర్ అక్కడ అందరికీ తప్పనిసరి. మొదటి ఏడాది లిటరేచర్ హ్యుమానిటీస్, రచనా తరగతి, సైన్స్ కోర్సు, ఒక పరాయి భాష టైంటేబుల్లో కూర్చున్నాక, సొంతంగా ఎంచుకోవడానికి మిగిలేది కొంచెమే. కంప్యూటర్ సైన్స్ చదవాలంటే ప్రోగ్రామింగ్ తర్వాత డేటా స్ట్రక్చర్స్, ఆ తర్వాత ఆల్గరిదమ్స్ అని వరుస ఉంటుంది. మొదటి మెట్టు ఆలస్యమైతే పై మెట్లన్నీ వెనక్కి జరుగుతాయి. కానీ ఏదీ తగలని పిల్లకు ఆ కోర్ మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం. మన ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ గదుల్లో పెరిగిన పిల్లకు ప్లేటోను చదివి ఇరవైమంది మధ్య కూర్చుని వాదించడం ఎలా ఉంటుందో తెలిసే అవకాశమే రాలేదు. రుచి చూడనిదాన్ని ఎలా ఎంచుకుంటుంది?

‘మే 1 లోపల’: డిపాజిట్ కట్టడానికి చాలా యూనివర్సిటీలు పెట్టుకున్న గడువు ఇది. ఈలోగా డబ్బు లెక్క కూడా తేలాలి. ఈ ప్రైవేటు యూనివర్సిటీల్లో అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి 85 వేల డాలర్లు దాటుతున్నాయి. బ్రౌన్, కొలంబియా, ఎంఐటీ ఇచ్చే సాయం కుటుంబ ఆదాయాన్ని బట్టే గానీ మార్కులకు కాదు. మేజర్ మార్చుకోవడం వల్ల ఒక్క సెమిస్టర్ పెరిగినా ఎంతవుతుందో మీరే వేసుకోవచ్చు.

ఆ అమ్మాయి మనసులో కదులుతున్న రెండు మూడు మేజర్ల పేర్లు రాసుకుని, ఒక్కో డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌కు తనే మెయిల్ పెట్టాలి. నాన్న పెట్టకూడదు. అడగాల్సినవి మూడు. కిందటేడు బయటి నుంచి మీ మేజర్‌లోకి ఎంతమంది రావాలనుకున్నారు, ఎంతమంది రాగలిగారు? మీ మొదటి కోర్సులో మేజర్ లేనివాళ్ళకు చోటు దొరుకుతుందా? రెండో ఏడాది మొదలుపెట్టినా నాలుగేళ్ళలో పూర్తవుతుందా? సూటిగా అంకెలతో జవాబు పంపిన డిపార్ట్‌మెంటుకు నేనైతే ఎక్కువ విలువిస్తాను. “వచ్చాక చూద్దాం” అని రాసిన చోట, వచ్చాక చోటు లేదన్నా ఒప్పుకునేలా ఉంటేనే డిపాజిట్ కట్టాలి.