రంగూన్ రైలు మేడ

1877 మే 1న రంగూన్ నుంచి ఐరావతి ఒడ్డున ఉన్న ప్రోం పట్టణానికి రైలు నడిచింది. బర్మా గడ్డ మీద అదే తొలి రైలు. ఆ కాలంలోనే రంగూన్ నగరం నడిబొడ్డున ఐరావతి లోయ రైల్వే వారి కార్యాలయం వెలిసింది. ఎర్ర ఇటుకల గోడలు, వరసగా కమానులు, ఎండా వానా లోపలికి రాకుండా పొడుగాటి వరండాలు. ఐరావతి లోయ రైల్వే పోయి బర్మా రైల్వేస్ కంపెనీ వచ్చినా, కంపెనీ పోయి సర్కారు వచ్చినా, తెల్లవాళ్ళు పోయి బర్మావాళ్ళు వచ్చినా రైళ్ళకు సంబంధించిన ప్రతి కాగితం అక్కడికి చేరేది. టౌంగూ లైను, మాండలే లైను, చివరికి ఏ మారుమూల వంతెన మీద ఏ గ్యాంగు పని చేయాలన్న నిర్ణయం కూడా ఆ మేడలోనే జరిగేది. రంగూన్‌లో ఈనాటికీ నిలిచి ఉన్న పాత కట్టడాల్లో అది ఒకటి.

ఆ కాగితాల అడుగున ఉన్న చెమటలో మనవాళ్ళది పెద్ద వాటా. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం, బారువా, గోపాల్‌పూర్ రేవుల్లో పొగ ఓడ ఆగితే చాలు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మగవాళ్ళు మూట కట్టుకుని దిగివచ్చేవారు. కూలీలను పోగేసే మేస్త్రీ ముందే బయానా ఇచ్చి ఉండేవాడు. ఆ బయానాతో ఇంట్లో అప్పు తీరేది, మేస్త్రీ దగ్గర కొత్త అప్పు మొదలయ్యేది. డెక్కు మీద మూడు నాలుగు రోజులు నీళ్ళూ వాంతులూ. ఆపైన రంగూన్ నది, దూరాన బంగారు రంగులో ష్వెడగోన్ పగోడా శిఖరం. మన పెద్దలు ఆ ఊరిని రంగం అనేవారు. రంగం వెళ్ళొచ్చినవాడి ఇంటికి పెంకులు పడేవి, ఆడపిల్ల పెళ్ళి గట్టెక్కేది. తిరిగిరానివాడి సంగతి ఊళ్ళో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు.

అదే తీరం నుంచి ఇంకో దారి కూడా ఉండేది. అది పట్టాల దారి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో జంక్షను పెట్టి, వర్క్‌షాపు కట్టినప్పుడు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల జనం వేలల్లో అక్కడికి వెళ్ళారు. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గార్డులుగా, గుమాస్తాలుగా స్థిరపడ్డారు. ఈనాటికీ ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినిపిస్తుంది. ఆ ఊరి ప్లాట్‌ఫారం 1072 మీటర్ల పొడవుతో చాలాకాలం ప్రపంచంలోనే పెద్దదని పేరు మోసింది. ఇప్పుడు ఊరి అంచున విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వచ్చింది, తాతలు రైలు చక్రాలు బిగించిన ఊళ్ళో మనవళ్ళకు వేరే కర్మాగారాల గేట్లు తెరుచుకున్నాయి. ఒకే జిల్లా నుంచి, ఒక్కోసారి ఒకే ఇంటి నుంచి బయల్దేరిన అన్నదమ్ముల్లో ఖరగ్‌పూర్ రైలెక్కినవాడికి ఊరు దొరికింది. రంగూన్ ఓడెక్కినవాడికి దొరికిన ఊరు చేజారిపోయింది. ఈ గాథ ఆ రెండోవాడిది, వాడి కళ్ళెదుట నిలబడి ఉన్న ఆ మేడది.

1931 జనాభా లెక్కలనాటికి రంగూన్‌లో ఉన్న దాదాపు నాలుగు లక్షల మందిలో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు. రేవులో బస్తాలు మోసింది ఎక్కువగా మనవాళ్ళే. బియ్యం మిల్లుల్లో ఊక మధ్య నిలబడిందీ, నగరం మలమూత్రాలు ఎత్తిపోసిందీ మనవాళ్ళే. రైల్వేలో పట్టాలు మోసేవాడి దగ్గర నుంచి ఇన్సీన్ వర్క్‌షాపులో ఇంజను విప్పేవాడి దాకా భారతీయులే ఎక్కువ. రాత్రి పడుకోవడానికి ఒకే గదిలో పదుల మంది. రంగూన్ గొప్పతనం గురించి ఇంగ్లీషువాళ్ళు రాసిన పుస్తకాల్లో విశాలమైన వీధులు కనిపిస్తాయి, నదీతీరం కనిపిస్తుంది. ఆ గదులు కనిపించాలంటే ప్రభుత్వం వేసిన కూలీ విచారణల నివేదికలు తిరగెయ్యాలి. ఒక మనిషికి ఇన్ని చదరపు అడుగుల చోటు ఉండాలని చట్టం చేసి, ఆ చట్టాన్నే పక్కకు తోసిన చరిత్ర వాటిలో ఉంది.

అక్కడ మనవాళ్ళ పతనం ఎప్పుడు మొదలైందని అడిగితే నేను 1930 మే నెల అంటాను. గాంధీగారి అరెస్టు వార్త రేవుకు అందగానే తెలుగు కూలీలు పని ఆపేశారు. ఆ వెనుకే కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను దింపాయి. కొద్ది రోజులకు రాజీ కుదిరింది, మనవాళ్ళను మళ్ళీ పనిలోకి పిలిచారు. మే 26 ఉదయం, ఇక మీరు అక్కర్లేదని అప్పటికప్పుడు తెలిసిన బర్మా కూలీలకూ తిరిగొచ్చిన మన కూలీలకూ రేవులో గొడవ మొదలైంది. అది రేవు దాటి నగరమంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు, చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. రెండు పక్కలా ఉన్నది ఆకలే. ఇద్దరు పేదవాళ్ళను ఒకే కూలికి పోటీ పెట్టి లాభం తీసుకున్న కంపెనీల మీద ఒక్క గాయం పడలేదు. ఆ అల్లర్ల తర్వాత రంగూన్‌లో తెలుగువాడు అతిథి కాడు, సొంతవాడు కాడు. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశారు. మరుసటి ఏడు మళ్ళీ అల్లర్లు.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. రేవులో కూలీలు పనిలో ఉన్న వేళ అది. బతికినవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని నగరం విడిచారు. ఓడలు కొద్దిమందికే దొరికాయి. మిగతావాళ్ళు నడిచారు. అరకాన్ కొండల మీదుగా కొందరు, తము మీదుగా మణిపూర్ వైపు కొందరు, హుకాంగ్ లోయ మీదుగా అస్సాం వైపు కొందరు. నాలుగు లక్షల మందికి పైగా ఆ దారుల్లో పడ్డారు. కలరా, మలేరియా, జలగలు, వరద, ఆకలి. వేలమంది దారిలోనే ఒరిగిపోయారు, ఎంతమందన్నది ఎవరూ సరిగా లెక్కపెట్టలేదు. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో బర్మా నడక కథ చెప్పే ముసలివాళ్ళు మొన్న మొన్నటి దాకా ఉండేవారు. పసిబిడ్డను చెట్టు కింద పెట్టి నడిచొచ్చిన తల్లి కథ ఒక్కటి కాదు, ఊరికొకటి ఉంది.

1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్‌లో అడుగుపెట్టింది. యుద్ధం ముగిసేసరికి రైల్వే స్టేషను శిథిలమైంది, 1954 నాటికి దాని చోట బర్మా పగోడాల తీరు శిఖరాలతో కొత్త స్టేషను లేచింది. దగ్గర్లోనే ఉన్న ఎర్ర మేడ మాత్రం నిలబడే ఉంది.

మనవాళ్ళు కొందరు తిరిగి వెళ్ళారు. వదిలేసి వచ్చిన ఇల్లు, కొట్టు, పొలం ఉన్నాయి కదా. వాళ్ళ ఆశ 1962 దాకా సాగింది. ఆ ఏడు మార్చిలో జనరల్ నె విన్ అధికారం లాక్కున్నాడు. 1964లో కొట్లు, వ్యాపారాలు జాతీయం చేశాడు. ఆ మే నెలలోనే యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నాడు. పెట్టెలో దాచిన డబ్బు ఒక్క రోజులో చిత్తుకాగితమైంది. లక్షల మంది భారతీయులు దాదాపు కట్టుబట్టలతో ఓడలెక్కారు. మద్రాసులో బర్మా బజారు అలా పుట్టింది. విశాఖ కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా పుట్టింది. ఈనాటికీ ఆ పేరుతోనే ఉంది, ఆర్టీసీ బస్సులో టికెట్టు అడిగేవాళ్ళకు అదొక స్టాపు మాత్రమే.

మేడ వంతు తర్వాత వచ్చింది. 2005 నవంబరులో సైనిక పాలకులు రాజధానిని నేపిడోకు తరలించారు. మంత్రిత్వ శాఖలు లారీల్లో ఫైళ్ళు వేసుకుని వెళ్ళిపోయాయి. వలస పాలకులు కట్టిన పెద్ద పెద్ద భవనాలు రంగూన్ నిండా ఖాళీగా మిగిలాయి. బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్‌ను 1947 జూలై 19న కాల్చి చంపిన సెక్రటేరియట్ కూడా వాటిలో ఉంది. రైల్వే మేడ కూడా పాడుపడింది. గోడల్లో రావి మొలిచింది. వాన నీరు కారి కారి చెక్క పుచ్చింది.

2012లో థాంట్ మ్యింట్ ఊ అనే చరిత్రకారుడు రంగూన్ ఇప్పటి పేరుతో యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు పెట్టి, ఈ కట్టడాలను కూల్చొద్దని గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టారు. అప్పుడే దేశం తలుపులు తెరుచుకుంటున్నాయి, పెట్టుబడి వస్తోంది. సర్జ్ పన్ అనే వ్యాపారి నడిపే యోమా సంస్థలు రైల్వే స్థలాన్ని లీజుకు తీసుకుని పెద్ద పథకం వేశాయి. ఆయన కూడా రంగూన్‌లో పుట్టి, 1960లలో చిన్నప్పుడే దేశం వదిలి, 1990లలో తిరిగొచ్చిన చైనా మూలాలవాడు. మనవాళ్ళను తరిమిన గాలే ఆయననూ తరిమింది.

పథకం పేరు యోమా సెంట్రల్. పదెకరాల స్థలం. పాత మేడను 88 గదుల పెనిన్సులా హోటలుగా మార్చాలని హాంకాంగ్ వారితో ఒప్పందం. దాని పక్కన రెండు ఆఫీసు టవర్లు, ఒక హోటలూ సర్వీస్ అపార్ట్‌మెంట్లూ కలిసిన టవరు, ఖరీదైన ఇళ్ళతో ఇంకో టవరు. జపాన్ మిత్సుబిషి సంస్థలు చేరాయి. ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ, ఆసియా అభివృద్ధి బ్యాంకు డబ్బు పెట్టాయి. మొత్తం దాదాపు 70 కోట్ల డాలర్ల పని. ష్వెడగోన్ కనిపించే దారికి అడ్డు రాకూడదని నగరంలో గట్టి పట్టుదల ఉండేది. 2015లో పగోడా దగ్గర తలపెట్టిన కొన్ని పెద్ద నిర్మాణాలను ఆ కారణంతోనే రద్దు చేశారు. ఆ ఊరివాళ్ళ ఆ పట్టుదలను నేను మనసారా మెచ్చుకుంటాను. హైదరాబాద్‌లో పైగా వంశపు నవాబు ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ పోయి, పేటకు పేరు మాత్రం మిగిలింది. రంగూన్‌లో కనీసం మేడను ఉంచి, చుట్టూ కడదామన్నారు. అది చిన్న విషయం కాదు.

క్రేన్లు లేచాయి. కాంక్రీటు అంతస్తులు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. మేడ గోడలకు పరంజా కట్టారు.

2021 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున సైన్యం మళ్ళీ అధికారం లాక్కుంది. దేశమంతా ఉద్యోగులు పనిలోకి రామన్నారు. మొదట ఆగినవాళ్ళలో రైల్వేవాళ్ళు ఉన్నారు. రైళ్ళు ఆగిపోయాయి. మార్చి 10న సైనికులు, పోలీసులు రంగూన్‌లోని మ హ్ల్వా గోన్ రైల్వే క్వార్టర్లను చుట్టుముట్టి, సమ్మెలో ఉన్నవాళ్ళ కుటుంబాలను వీధిన పడేశారు. పిల్లలు, ముసలివాళ్ళు సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటికి నడిచిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. వాళ్ళు బర్మావాళ్ళే, ఆ మేడ నుంచి వచ్చిన ఉత్తర్వులతో బతికిన రైల్వే ఉద్యోగులే. ఎనభై ఏళ్ళ కిందట మనవాళ్ళు నడిచిన నడకే ఇది. ఆ ఏడే పెనిన్సులా హోటలు పనినీ, పక్కన టవర్ల పనినీ ఆపేశారు.

నేను ఆ మేడ గురించి ఇంతసేపు రాసింది ఇటుకల మీద ప్రేమతో మాత్రమే కాదు. కట్టడం నిలిచినా ఊరు కూలగలదని రంగూన్ మూడుసార్లు చూపింది. కూలీని తరిమారు, వ్యాపారిని తరిమారు, చివరికి ఆ రైళ్ళు నడిపినవాణ్ణే తరిమారు. టవర్లు ఏనాటికైనా పూర్తయి, హోటలు తలుపులు తెరిచినా, ఆ వరండాలో గోడ మీద పెట్టే ఫలకంలో కంపెనీ పేరు, వాస్తుశిల్పి పేరు ఉంటాయి. కళింగపట్నం రేవులో మూట కట్టుకుని ఓడెక్కినవాడి పేరు ఉండాలంటే ఆ పేరు ముందు మన దగ్గర ఉండాలి.

అది ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. కంచరపాలెంలో, టెక్కలిలో, సోంపేటలో, బారువాలో, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో. మీ ఇంట్లో రంగం నుంచి వచ్చిన మనియార్డరు చీటీ, ఓడ టికెట్టు, రైల్వే సర్వీసు కాగితం, తడిసి చెరిగిన ఉత్తరం ఏదైనా ఉంటే పాత సామాన్లవాడికి అమ్మకండి. ఇంకా బతికి ఉన్న పెద్దవాళ్ళ చేత మాట్లాడించి ఫోనులో రికార్డు చేయండి: ఏ రేవు, ఏ మేస్త్రీ, ఎంత కూలి, నడిచిన దారిలో ఎవరు ఎక్కడ ఆగిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, శ్రీకాకుళం అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పేవాళ్ళు వీటిని సేకరించే పని ఈ ఏడాదే చేతికి తీసుకోవాలి. 1942లో నడిచినవాళ్ళలో చివరివాళ్ళకు ఇప్పుడు ఎనభై ఏళ్ళు దాటాయి.