పారిస్ సభలో యానాం ఓటు

పాలించే దేశపు చట్టసభలో సముద్రాంతర ప్రాంతాలకు స్థానం ఉండాలా? ఈ ప్రశ్నకు తెలుగు నేలపైనే ఒక ఉదాహరణ ఉన్నది. అది యానాం.

1848 విప్లవానంతరం ఫ్రాన్సు తన వలసలకు జాతీయసభలో స్థానాలు కల్పించింది. పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, చందర్‌నగర్, యానాం, ఈ ఐదింటికీ కలిపి ఒక్క సభ్యుడు. ఆ విధంగా గౌతమీ తీరంలోని తెలుగు పురుషులకు పారిస్ సభకు ప్రతినిధిని ఎన్నుకునే హక్కు లభించింది. అప్పటికి మన అమీర్‌పేట, పంజాగుట్టలు నిజాం ఏలుబడిలోనివి. ఇక్కడివారు పార్లమెంటుకు ఓటు వేయడానికి మరో శతాబ్దం, 1952 ఎన్నికల దాకా, ఆగవలసివచ్చింది. ఇక బ్రిటిషువారు భారతదేశానికి తమ సభలో ఒక్క స్థానమూ ఇవ్వలేదు. 1892లో దాదాభాయి నౌరోజీ అందులో ప్రవేశించిన మాట నిజమే కాని, ఆయనను ఎన్నుకున్నది లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ ఓటర్లు.

అయితే యానాం వారి హక్కు ఎంతటిది? ఇచ్చినవారే తీసుకోగలిగినంతటిది. కొద్దికాలానికే అది రద్దయింది. 1871లో అది తిరిగి వచ్చింది. 1876 నుండి సెనేటులోనూ ఒక స్థానం దక్కింది. కాని గవర్నరును నియమించేది పారిస్ ప్రభుత్వమే. స్థానిక సభల ఎన్నికలకు 1884లో ఓటర్లను యూరోపియనులు, స్వీయ ఆచారధర్మాన్ని వదులుకొని ఫ్రెంచి చట్టాన్ని స్వీకరించిన భారతీయులు, తక్కిన భారతీయులు అని మూడు జాబితాలుగా విడదీశారు. పారిస్ ఎన్నికలో సమానులైనవారు సొంత ఊరి ఎన్నికలో సమానులు కాలేకపోయారు!

ఆ స్థానం నిరర్థకమని మాత్రం అనలేము. 1951లో దానికి ఎన్నికైన ఎదువార్ గుబేర్ తొలుత ఫ్రాన్సు పక్షమే వహించాడు. 1954 మార్చిలో ఆయన భారత్‌లో విలీనానికి మొగ్గాడు. ఫ్రెంచి ఇండియా ప్రజల పేరిట పారిస్‌లో మాట్లాడవలసినవాడే ఎదురుతిరగడంతో ఫ్రాన్సు వాదన బలహీనపడింది. జూన్ 13న యానాం విముక్తమైంది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దడాల రఫేల్ రమణయ్య యానాం బిడ్డడే. అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది విలీనానికి ఓటు వేశారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. 1962 ఆగస్టు 16న దానికి చట్టబద్ధత చేకూరింది.

నేటికీ ఫ్రాన్సు జాతీయసభలో సముద్రాంతర ప్రాంతాలకు 27 స్థానాలున్నాయి. జిబ్రాల్టరుకు బ్రిటిష్ పార్లమెంటులో ఒక్కటీ లేదు. ఏది మేలు? స్థానం ఉండడమే మేలని నా అభిప్రాయం. కాని అది స్వపరిపాలనకు, విడిపోయే హక్కుకు తోడుగా ఉండాలే తప్ప వాటికి బదులుగా కాదు. దూరపు సభలో ఒక కుర్చీ చూపి ఊరి పెత్తనాన్ని దాచుకోవడం ప్రాతినిధ్యం అనిపించుకోదు.