జపాన్ తీర్థయాత్రా మార్గాలు

జపాన్‌లో తీర్థయాత్ర తరచు ఒక్క గుడితో ముగియదు. క్షేత్రాలను వరసగా దర్శించుకుంటూ తిరిగే నడక అది. కీ ద్వీపకల్పంలోని కుమనో కొండదారులు, 33 అవలోకితేశ్వర క్షేత్రాల సైకొకు, షికొకు దీవి చుట్టూ దాదాపు 1,200 కిలోమీటర్లు సాగే 88 ఆలయాల బాట, ఇసె మహామందిరానికి పోయే దారి వీటిలో ముఖ్యమైనవి. పేరు చివర ‘జి’ ఉంటే బౌద్ధాలయమనీ, ‘జింజా’ లేదా ‘తైష’ ఉంటే షింటో మందిరమనీ నేడు లెక్క. దాన్నిబట్టే యాత్రలనూ రెండు ఖాతాల్లో వేస్తారు. ఈ ఖాతాలు తెరిచింది యాత్రికులు కాదు, 1868 నాటి ప్రభుత్వం. అంతకుముందు శతాబ్దాల తరబడి సాగిన నడకలో ఈ గీత ఎక్కడా ఇంత గట్టిగా కనబడదు.

కుమనోలో హొంగు, హయతమ, నాచి అని మూడు మందిరాలున్నాయి. అక్కడి దేవతలు బుద్ధుల అవతారాలేనని మధ్యయుగాల నమ్మకం: హొంగులో అమితాభుడు, హయతమలో భైషజ్యగురువు, నాచిలో వెయ్యి చేతుల అవలోకితేశ్వరుడు. సింహాసనం వదులుకున్న చక్రవర్తులు క్యోటో నుంచి పరివారంతో ఇక్కడికి వచ్చేవారు. గొషిరకవ ముప్పైసార్లకు పైగా, గొతొబ 28 సార్లు వచ్చారని లెక్క. 1201లో గొతొబ వెంట నడిచిన కవి ఫుజివర నొ తెయికా ఆ ప్రయాణాన్ని రోజువారీగా రాసిపెట్టాడు. దారి పొడవునా ‘ఓజి’ అనే చిన్న మందిరాల దగ్గర ఆగడం, దేవతకు కానుకలు సమర్పించడం, అక్కడే బౌద్ధ సూత్రాలు పఠించడం ఈ యాత్రల్లో పరిపాటి. ఒక దేవత ఎదుట ఇంకో మతం మంత్రం చదువుతున్నామన్న ఇబ్బంది వారికి లేదు, ఎందుకంటే అది ఇంకో మతమన్న భావనే లేదు.

షికొకు బాట బౌద్ధ గురువు కూకై (774–835) పేరు మీద నడుస్తుంది. సామాన్య జనం చేతిలోకి అది వచ్చింది మాత్రం షోగున్ల ఏలుబడి సాగిన ‘ఎదో’ యుగంలో. సన్యాసి షిన్నెన్ 1687లో అచ్చువేయించిన దారి పుస్తకం అందుకు బాగా తోడ్పడింది. యాత్రికులు తమ పేరు రాసిన చెక్కపలకను గుడి స్తంభానికో గోడకో మేకుతో కొట్టేవారు. ఇప్పుడు కాగితపు చీటీని పెట్టెలో వేస్తున్నా, క్షేత్రాన్ని దర్శించడానికి ‘కొట్టడం’ అనే మాటే వాడుకలో మిగిలింది. ఆ 88 స్థానాల్లో కొన్ని అప్పట్లో షింటో మందిరాలే. 68వది కొతొహికి కొండ మీది హచిమన్ మందిరం.

1868లో మేయిజి ప్రభుత్వం దేవతలనూ బుద్ధులనూ విడదీయమని ఉత్తర్వులిచ్చింది. చక్రవర్తి దైవవంశజుడన్న పునాది మీద రాజ్యం కట్టాలంటే దేవతలు బుద్ధుల నీడలో ఉండకూడదు మరి. హచిమన్ మందిరంలోని బుద్ధ విగ్రహం కొండ దిగింది; 68వ స్థానమైన జిన్నెయిన్ 69వదైన కన్నొన్‌జి ఆవరణలో సర్దుకుంది. ఇవాళ్టికీ అక్కడ యాత్రికుడు ఒకే బల్ల దగ్గర తన ముద్రల పుస్తకం తెరిచిపెడితే, రెండు పేజీల మీద సిరా రాత, ఎర్ర ముద్రలు పడతాయి. షికొకులోని తొస ప్రాంతంలో జెన్రకుజి మూతబడి, మరో ఆలయం 30వ స్థానం పుచ్చుకోవడంతో మొదలైన పేచీ 1994లో గాని తీరలేదు. నాచిలో బుద్ధ విగ్రహాలు తొలగించిన మండపం 1874లో సెయిగంతొజి పేరుతో మళ్లీ బౌద్ధాలయమైంది. సైకొకు యాత్రకు మొదటి మజిలీ అదే. దాన్ని స్థాపించింది భారతదేశం నుంచి వచ్చిన దిగంబర సన్యాసి అని స్థలపురాణం. షికొకులోనే కొంపిరా దేవుడి కొండ కొతొహిర మందిరంగా మారింది గానీ, 785 మెట్లెక్కే జనం నోట కొంపిరా పేరు పోలేదు. ఆ పేరు మన కుంభీరమే, అంటే మొసలి.

పూర్వం గీత లేదన్న మాటకు ఇసెను ప్రతిసాక్ష్యంగా చూపవచ్చు. 804 నాటి ఇసె విధి గ్రంథంలోనే బౌద్ధ పదాలు నిషిద్ధం. బుద్ధుణ్ణి ‘నడిమివాడు’ అనాలి, బోడిగుండు సన్యాసిని ‘పొడుగు జుట్టువాడు’ అనాలి. దీపం ఆరిందనకుండా కొండెక్కిందన్నట్టు. తేడా తెలియనివాళ్లు ఇంత జాగ్రత్త పడరు, నిజమే. అయితే యాత్రికులు ఆ పట్టింపును దారంతా మోయలేదు. ఇసె దర్శనం చేసుకుని, దగ్గర్లోని అసమ కొండ మీది బౌద్ధాలయం కొంగోషోజికి వెళ్లకపోతే యాత్ర సగమేనని అనుకునేవారు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి: ఈ కలయిక సమానుల మధ్య జరగలేదు. చాలా మందిరాల పెత్తనం భిక్షువులది. పూజారులు కింద ఉండేవారు. 1868లో విగ్రహాలు బయటపడేసిన చేతుల్లో కొన్ని ఆ పాత కసితోనే కదిలాయి. కాబట్టి పూర్వపు జపాన్‌ను మత సామరస్యానికి నమూనాగా చూపడం అతిశయోక్తి. కానీ పై చేయి ఎవరిదన్న తగవు ఒకే కప్పు కింద ఉన్నవారి మధ్యే వస్తుంది. గీత గట్టిపడింది ఆ తర్వాతే: ఆలయంలో చేతులు జోడించాలి, మందిరంలో రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగాలి అన్న నేటి కచ్చితమైన పద్ధతి కూడా మేయిజి తర్వాత స్థిరపడినదే.

2004లో యునెస్కో కీ పర్వతాల పుణ్యస్థలాలనూ యాత్రామార్గాలనూ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు బౌద్ధాలయాన్నీ షింటో మందిరాన్నీ వేరుచేయలేదు. నాచి తైష, సెయిగంతొజి, 133 మీటర్ల నాచి జలపాతం ఒకే నమోదులో ఉన్నాయి. అక్కడ మందిరం ఆవరణ పక్కనే బౌద్ధాలయం. ఒకచోట చప్పట్లు కొట్టిన యాత్రికుడు నాలుగడుగులు వేసి రెండోచోట అగరుబత్తి వెలిగిస్తాడు.