భద్రాచలం ఏజెన్సీలో పారామెడికల్ చదువులు: ఖర్చు, ఆదాయం

పారామెడికల్ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు డాక్టర్లు కాని ఆరోగ్య సిబ్బందిని తక్కువ కాలంలో తయారుచేసే చదువులు. ల్యాబ్ టెక్నీషియన్, ఏఎన్ఎం (సహాయక నర్సు), ఆపరేషన్ థియేటర్ సహాయకులు, రోగి పడక దగ్గర సేవ చేసేవారు ఈ దారిలోనే వస్తారు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అటవీ అంచున పది, ఇంటర్ గట్టెక్కిన కోయ, కొండరెడ్డి, లంబాడా కుటుంబాల పిల్లలకు త్వరగా ఉద్యోగం తెచ్చిపెట్టే చదువుగా వీటికి పేరుంది. ఆ పేరు నిజమయ్యేదీ లేనిదీ కోర్సు పేరును బట్టి తేలదు. ఆ పత్రంతో ఏ కౌన్సిల్‌లో నమోదు దొరుకుతుంది, సీటు ఏ కోటాలో వచ్చింది, ఉద్యోగం ఇంటికి ఎంత దూరం అన్నవే లెక్కను తేలుస్తాయి.

అమెరికాలో మెడికల్ అసిస్టెంట్ అనే వృత్తి ఒకటుంది. డాక్టరు గది పక్కన బీపీ చూడడం, రక్తం తీయడం, రోగుల వివరాలు రాయడం, బీమా కాగితాలు నింపడం అన్నీ ఆ ఒక్కరే చేస్తారు. 2023 మే నాటికి అక్కడ ఆ వృత్తి మధ్యస్థ వార్షిక వేతనం 42,000 డాలర్లు, నమోదిత నర్సుది 86,070 డాలర్లు. తెలంగాణలో ఇలాంటి ఉమ్మడి ఉద్యోగం లేదు. ఆ పనులన్నీ కాంపౌండర్, ఏఎన్ఎం, ల్యాబ్ టెక్నీషియన్, ఓపీ చీటీ రాసే గుమస్తా పంచుకుంటారు. అందుకే ఇక్కడ ఒక్కో పనికి ఒక్కో చదువు, ఒక్కో నమోదు.

వీటిలో అట్టడుగున ఉన్నవి కొన్ని నెలల నైపుణ్య శిక్షణలు. 2014 సెప్టెంబరు 25న మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కింద గ్రామీణ యువతకు ఇలాంటి శిక్షణ ఉచితంగా దొరుకుతుంది. వయోపరిమితి 15 నుంచి 35 ఏళ్లు, మహిళలకూ కొండరెడ్ల వంటి ఆదిమ గిరిజన తెగలకూ 45 ఏళ్ల వరకు. రోగి పడక దగ్గర సేవలు నేర్పే జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు ఈ తరహాదే. ఖర్చు దాదాపు ఉండదు, కానీ ఈ పత్రం చేతికి వచ్చినంత మాత్రాన ల్యాబ్ టెక్నీషియన్‌గానో నర్సుగానో నమోదు దొరకదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ప్రకారం అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటలు చదివిన డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలి. మూడు నెలల కోర్సుకు డిప్లొమా అని పేరు పెట్టి ఫీజు వసూలు చేసే చోట ముందుగా అడగవలసింది ఈ గంటల లెక్కే.

ఆ పై మెట్టు రెండేళ్ల కోర్సులు. ఇంటర్ తర్వాత చదివే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా డీఎంఎల్‌టీకి పారామెడికల్ బోర్డు గుర్తింపు, ఏఎన్ఎంకు నర్సింగ్ కౌన్సిల్ నమోదు అవసరం. ఇంటర్‌లోనే వొకేషనల్ ఎంఎల్‌టీ లేదా ఎంపీహెచ్‌డబ్ల్యూ (మొదటిది ల్యాబ్ పని, రెండోది ఏఎన్ఎం పని నేర్పేవి) తీసుకుని, తర్వాత ఒక ఏడాది ఆసుపత్రిలో క్లినికల్ శిక్షణ పూర్తిచేసే దారి కూడా ఉంది. ఇంటర్ ఎలాగూ చదవాలనుకున్న పిల్లకు ఇది అన్నిటికన్నా చవక దారి, ఎందుకంటే అదనంగా పోయేది ఒక్క ఏడాదే. ఆ శిక్షణ చేయకుండా ఆగిపోతే మాత్రం ఆ ఇంటర్ పత్రం ఉద్యోగానికి పనికిరాదు.

ఖర్చు అనగానే కుటుంబాలు ఫీజు గురించే అడుగుతాయి. నిజానికి ఫీజు చాలాసార్లు చిన్న భాగం. భద్రాచలం నుంచి కొత్తగూడెం సుమారు 40 కిలోమీటర్లు, ఖమ్మం 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో కాబట్టి భద్రాచలం పట్టణం నుంచి ఎటు వెళ్లాలన్నా ముందు బస్సే దిక్కు. గూడెం నుంచి రోజూ వచ్చిపోయే వీలు లేక గది అద్దెకు తీసుకోవడమో హాస్టల్లో చేరడమో తప్పదు. దాని మీద, చదివే రెండేళ్లూ పోయే కూలి. మిరప తోటల్లో కాయ ఏరడం, ఎండాకాలం తునికాకు కోత, ఉపాధి పని ఇవన్నీ ఒక జత చేతులు తగ్గితే ఇంటికి తెలిసే ఆదాయాలు. 2025-26లో తెలంగాణ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నెలకు 16 రోజులు పని దొరికితే 4,900 దాటుతుంది.

ఎస్టీ విద్యార్థులకు, కుటుంబ వార్షికాదాయం 2 లక్షల లోపు ఉంటే, ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈ-పాస్ ద్వారా ఫీజు వాపసు, ఉపకార వేతనం అందుతాయి. యాజమాన్య కోటాలో చేరినవారికి వాపసు రాదు. ప్రభుత్వం నుంచి సొమ్ము ఆలస్యమైనప్పుడు ఫీజు కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వని కాలేజీలు ఉండడం మరో చిక్కు. నమోదుకూ ఉద్యోగానికీ అసలు పత్రాలే కావాలి కనుక, ఆ జాప్యం నేరుగా జీతం నష్టమే.

లెక్క ఎలా వేయాలో చూపడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకోవచ్చు. యాజమాన్య కోటా ఫీజు రెండేళ్లకు 60,000, గది, తిండి నెలకు 4,000 చొప్పున 96,000, పోయిన కూలి నెలకు 5,000 చొప్పున 1,20,000 అనుకుంటే మొత్తం 2,76,000 రూపాయలు. చదివాక పట్టణంలోని ప్రైవేటు ల్యాబులో 10,000 జీతం వచ్చి, అందులో 3,000 గది అద్దెకు పోతే, కూలి కంటే మిగిలేది నెలకు 2,000. పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి 138 నెలలు, అంటే పదకొండున్నరేళ్లు. అదే మనిషికి సొంతూరి దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో పొరుగు సేవల ఉద్యోగం దొరికితే కథ మారుతుంది. 2021లో రాష్ట్ర ప్రభుత్వం పొరుగు సేవల సిబ్బందికి నిర్ణయించిన మూడు వేతనాల్లో, అంటే 15,600, 19,500, 22,750లో, అతి తక్కువదే వచ్చినా 26 నెలల్లో ఖర్చు తీరుతుంది. ఫీజు వాపసు, ప్రభుత్వ హాస్టల్ రెండూ దొరికిన విద్యార్థికి మిగిలే ఖర్చు పోయిన కూలి 1,20,000 మాత్రమే. అది ప్రైవేటు ఉద్యోగంతో ఐదేళ్లలో, పొరుగు సేవల ఉద్యోగంతో ఏడాదిలోపే తిరిగి వస్తుంది. జీతం పెద్దదా చిన్నదా అన్నదానితో సమానంగా, ఇంటి నుంచి వెళ్లిరాగలమా లేదా అన్నది ఇక్కడ ముఖ్యం.

రెగ్యులర్ ఉద్యోగం వస్తే ఏ కోర్సయినా లాభమే. 2024 సెప్టెంబరులో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులను 32,810-96,890 స్కేలుతో ప్రకటించింది. ఏఎన్ఎంలు పోటీపడే మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్ పోస్టుకు స్కేలు 31,040-92,050. అయితే ఈ ప్రకటనలు ఏటా రావు. 2023 జూలైలో వెలువడిన హెల్త్ అసిస్టెంట్ ప్రకటనకు పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఈ నిరీక్షణను ఖర్చులో కలపని లెక్క చదువరిని మోసగిస్తుంది.

ఏజెన్సీ అభ్యర్థికి ఇక్కడ ఒక అనుకూలత ఉంది. ల్యాబ్ టెక్నీషియన్ నియామకంలో 80 మార్కులు పరీక్షకు, 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, పొరుగు సేవల అనుభవానికి. పూర్తయిన ప్రతి ఆరు నెలలకు గిరిజన ప్రాంతంలో 2.5 పాయింట్లు, మిగతా చోట్ల 2. చర్ల, దుమ్ముగూడెం వైపు పనిచేసినవారు నాలుగేళ్లలో పూర్తి 20 పాయింట్లకు చేరతారు, మైదానంలో అయితే ఐదేళ్లు పడుతుంది. ప్రైవేటు ల్యాబులో ఎన్నేళ్లు చేసినా ఈ పాయింట్లు రావు. అందువల్ల జీతం కాస్త తక్కువైనా ఏజెన్సీ పీహెచ్‌సీలో పొరుగు సేవల ఉద్యోగాన్ని ఎంచుకోవడమే చాలామందికి మేలు. మలేరియా ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో రక్తపూత చదవగల చేతికి పనికి కొదవ లేదు. కోయ భాష వచ్చిన ఏఎన్ఎం గూడెంలో గర్భిణితో మాట్లాడగలగడానికి ఏ స్కేలులోనూ అదనపు రూపాయి లేదు, అది ఉండవలసిన అదనం.

రాష్ట్ర సరిహద్దు ఈ లెక్కను మరింత చిక్కు చేస్తుంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. చింతూరు, కూనవరం, ఎటపాక వారికి ఇప్పటికీ దగ్గరి పెద్ద ఊరు భద్రాచలమే. అక్కడి ఏరియా ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచీ రోగులు వస్తారు. కానీ చదువుకునేవారికి స్కాలర్‌షిప్, స్థానికత సొంత రాష్ట్రానివి. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జోనల్ పోస్టుల్లో 95 శాతం స్థానికులవి, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది దానికి కొలమానం. ఎటపాక అమ్మాయి భద్రాచలంలో కోర్సు చేస్తే ఉద్యోగానికి ఆంధ్రప్రదేశ్‌లో నమోదు చేయించుకోవలసి ఉంటుంది. చేరేముందే ఆ గుర్తింపు సంగతి కనుక్కోవడం అవసరం.

కోర్సు ముగిశాక పైకి వెళ్లే దారులూ ప్రతిఫలంలో భాగమే. నమోదైన ఏఎన్ఎం మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్ఎంకు అర్హురాలు, అది పూర్తయితే 36,750-1,06,990 స్కేలున్న నర్సింగ్ ఆఫీసర్ పోస్టుకు పోటీపడవచ్చు. ఇప్పటికే రెగ్యులర్ హెల్త్ అసిస్టెంట్‌గా ఉన్నవారికి మొదటి మూల వేతనంలో తేడా 5,710 రూపాయలు మాత్రమే కాబట్టి, మూడేళ్ల జీతం వదులుకుని చదవడం అంతగా గిట్టుబాటు కాదు. ప్రైవేటు ఆసుపత్రిలో తక్కువ జీతానికి చేస్తున్న ఏఎన్ఎంకు మాత్రం ఆ మూడేళ్లు వదులుకోవడం తేలిక, దొరికే మెట్టు పెద్దది.